అలల సినిమా చూసి అలిగిన తమ్ముడు

ప్రశ్న: నమస్కారమండీ. మా తమ్ముడికి 26 ఏళ్లు, ఫుట్‌బాల్ అంటే పిచ్చి. ఏడు నెలల క్రితం బైక్ యాక్సిడెంట్‌లో తొడ ఎముక విరిగి, మోకాలిలో లిగమెంట్ తెగిపోయింది. రెండు ఆపరేషన్లయ్యాయి. ఇప్పుడు చేతికర్ర సాయంతో నడుస్తున్నాడు. ఫిజియోథెరపీకి మొదట్లో బాగానే వెళ్లేవాడు, ఈమధ్య ఏదో ఒక వంక చెప్పి ఎగ్గొడుతున్నాడు. రాత్రంతా ఫోన్, పగలంతా నిద్ర. కాస్త ధైర్యం వస్తుందని సొరచేప దాడిలో చెయ్యి పోగొట్టుకున్న సర్ఫర్ (అలల మీద బోర్డుతో స్వారీ చేసే క్రీడాకారిణి) బెథనీ హామిల్టన్ డాక్యుమెంటరీ పెట్టాను. సగంలోనే లేచి, "ఆమె నెల తిరక్కుండా మళ్లీ సముద్రంలోకి దిగింది. నాకు ఏడు నెలలైనా మెట్లు దిగడం రావట్లేదు. ఇది చూపించి నాకేం చెప్పాలనుకుంటున్నావక్కా?" అని గదిలోకి వెళ్లిపోయాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అమ్మేమో "చావుకు తెగించినవాళ్ల కథలు మన పిల్లాడికెందుకే" అంటోంది. నేను చేసింది తప్పా? ఇలాంటి సాహస డాక్యుమెంటరీలు కష్టంలో ఉన్నవాళ్లకు నిజంగా పనికొస్తాయా? వస్తే ఏవి చూపించమంటారు?
– ఒక అక్క

జవాబు: తప్పేమీ లేదు. అయితే మీ తమ్ముడు అన్న మాట ఇంకోసారి చదువుకోండి. అతను సినిమా బాగాలేదనలేదు. ఆమె బూటకమనీ అనలేదు. కూర్చుని లెక్క వేసుకున్నాడు. ఆమెకు 26 రోజులు, తనకు ఏడు నెలలు. ఆ లెక్కలో తను ఓడిపోయాడు, పైగా ఆ లెక్క వేయించింది సొంత అక్క. కోపం రాక ఏం చేస్తుంది?

కాబట్టి ఇంకో సినిమా వెతికే ముందు ఆ లెక్క సంగతి తేల్చాలి. 2003 అక్టోబర్ 31న హవాయిలోని కవాయ్ దీవి తీరంలో టైగర్ షార్క్ బెథనీ ఎడమ చేతిని కొరికేసింది. అప్పటికామెకు 13 ఏళ్లు. 26 రోజులకే మళ్లీ బోర్డు ఎక్కిందన్నది నిజం. కానీ ఆమె పోగొట్టుకున్నది చెయ్యి. గాయం మానితే నీళ్లలోకి దిగొచ్చు. కాళ్లు రెండూ చెక్కుచెదరలేదు, సర్ఫింగ్‌లో నిలబడేదేమో కాళ్ల మీదే. మీ తమ్ముడి సంగతి వేరు. తొడ ఎముక అతకాలి, మోకాల్లో కొత్తగా వేసిన లిగమెంట్ ఎముకలో పాతుకుని బలం పుంజుకోవాలి. అది నెలల తరబడి జరిగే పని. మనం ఎంత పట్టుదలగా ఉన్నా దాని వేగం దానిదే. ఉత్త లిగమెంట్ ఆపరేషనే అయినవాళ్లు కూడా తొమ్మిది నెలలు నిండకుండా ఫుట్‌బాల్ లాంటి ఆటలోకి దిగితే మళ్లీ తెగే ప్రమాదం బాగా ఎక్కువని డాక్టర్లు హెచ్చరిస్తారు. ఇతనికి దాని మీద తొడ ఎముక కూడా విరిగింది. ఏడో నెలలో మెట్లు దిగడానికి ఇబ్బంది పడుతున్నాడంటే చేతకాక కాదు. ఈ మాట మీరు చెబితే ఓదార్పులా ఉంటుంది, అతనికి ఎక్కదు. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఆయన చేతే చెప్పించండి, ఏ నెలకు ఏం చేయగలగాలో కూడా అడగండి. సినిమాలో చూసిన గడువు పక్కకు పోయి తన గడువు తనకు తెలుస్తుంది.

బెథనీ కథలో నాకు 26 రోజులకన్నా గట్టిగా గుర్తుండిపోయింది వేరే ఉంది. బోర్డు మీద ఈదుతూ సముద్రంలోకి వెళ్లేటప్పుడు ఎదురొచ్చే అల కింద నుంచి దూరిపోవాలంటే బోర్డును రెండు చేతులతో నీళ్లలోకి నొక్కాలి. ఆమెకు ఉన్నది ఒక్కటే. అందుకని వాళ్ల నాన్న బోర్డు మీద ఒక పిడి బిగించాడు. ఆ పిడి పట్టుకుని అల కిందికి వెళ్లడం ఆమె మొదట్నుంచీ నేర్చుకుంది. ఇంకో విచిత్రం, దాడి జరిగిన ఉదయమే ఆయనకు మోకాలి ఆపరేషన్ కావాల్సి ఉంది. ఆయన కోసం సిద్ధం చేసిన ఆపరేషన్ థియేటర్లోకి కూతుర్ని తీసుకెళ్లాల్సి వచ్చింది. మోకాలు నొప్పెడుతున్న తండ్రి కూర్చుని, ఒంటిచేతి పిల్లకు ఏ పనిముట్టు కావాలో ఆలోచించాడు. ఆమె ధైర్యం గురించి అందరూ రాశారు, పిడి గురించి రాసినవాళ్లు తక్కువ. మీ తమ్ముడికి ధైర్యం కథలు చెప్పి లాభం లేదు గానీ, ఇలాంటి పిడి కథలు వినిపించుకుంటాడేమో చూడండి. స్నానాల గదిలో ఎక్కడ పట్టు కావాలి, కుర్చీ ఎంత ఎత్తుంటే లేవడం తేలిక అన్నది అతన్నే అడిగి చేయించడం కూడా ఆ దారిలోదే.

ఇక ఈ డాక్యుమెంటరీల్లో ఉన్న చిక్కు చెబుతాను, ఎందుకంటే అది తెలియకుండా చూస్తే ఎవరైనా మీ తమ్ముడిలాగే దెబ్బతింటారు. మన సినిమాల్లో పాట మొదలైనప్పుడు గోళీలాడుకునే పిల్లాడు పాట అయ్యేసరికి మీసాల హీరో అయిపోతాడు కదా, ఇక్కడా అదే తంతు. ప్రమాదం పది నిమిషాలు చూపిస్తారు, తిరిగి గెలవడం అరగంట చూపిస్తారు. మధ్యలో గడిచిన ఏళ్లన్నీ నేపథ్య సంగీతంతో రెండు మూడు నిమిషాల్లో తేలిపోతాయి. ఆ రెండు మూడు నిమిషాల్లోనే ఇప్పుడు మీ తమ్ముడు బతుకుతున్నాడు. పాపం దర్శకులను కూడా అనలేం, రోజూ అదే వ్యాయామం నలభై సార్లు చేయడాన్ని ఎవరు టికెట్ కొని చూస్తారు? పైగా కెమెరా వెంటపడేది తిరిగొచ్చినవాళ్లనే. తిరిగి రాలేనివాళ్లలో చాలామందికి సినిమా కూడా ఉండదు.

అందుకని నేను ఈ సినిమాలను ఒకే ఒక్క గీటురాయి మీద చూస్తాను: మధ్యలోని కాలాన్ని ఎంతసేపు చూపించారు, ఆ కాలంలో పక్కన ఎవరున్నారు. ఈ రెండూ ఉన్న సినిమాలు తక్కువే. అవి కూడా ముందు చూడాల్సింది మీరే, మీ తమ్ముడు కాదు. పడ్డవాడికంటే పక్కన నిలబడ్డవాళ్లకే అవి ఎక్కువ ఉపయోగపడతాయని నా నమ్మకం.

మొదటిది 'ద క్రాష్ రీల్'. 2013లో వచ్చింది, లూసీ వాకర్ తీసింది. సర్ఫింగ్ కాదు, స్నోబోర్డింగ్, అంటే మంచు మీద బోర్డుతో జారుతూ ఫీట్లు చేసే ఆట. కెవిన్ పియర్స్ అనే అమెరికన్ కుర్రాడు, 22 ఏళ్లు. 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో ఆ ఆటలో చాంపియన్ షాన్ వైట్‌కు గట్టి పోటీ ఇస్తాడని అందరూ అనుకుంటున్న రోజులు. సరిగ్గా 2009 డిసెంబర్ 31న యూటాలోని పార్క్ సిటీలో కొత్త ఫీటు ప్రాక్టీస్ చేస్తూ మంచు మీద తల కొట్టుకుని పడ్డాడు. మెదడుకు తీవ్రమైన గాయం. ప్రాణం దక్కింది. నడక, చూపు, జ్ఞాపకం మాత్రం మళ్లీ మొదట్నుంచి కూడదీసుకోవాల్సి వచ్చింది.

ఇక్కడిదాకా మామూలు కథే. ఆ తర్వాత సినిమా దారి మార్చుకుంటుంది. కాస్త కోలుకోగానే కెవిన్ నేను మళ్లీ స్నోబోర్డ్ ఎక్కుతానంటాడు. తలకు ఇంకో దెబ్బ తగిలితే మనిషి దక్కడని డాక్టర్ల మాట. ఒక సన్నివేశంలో ఇంటిల్లిపాదీ భోజనాల బల్ల చుట్టూ కూర్చుని ఉంటారు. ఎవరూ గొంతు పెంచరు. కెవిన్ తన వాదన తను వినిపిస్తూ ఉంటాడు, ఇంట్లోవాళ్లు సర్దిచెప్పబోతుంటారు. డౌన్ సిండ్రోమ్ ఉన్న అన్న డేవిడ్ మాత్రం డొంకతిరుగుడు లేకుండా, తమ్ముడు చచ్చిపోతాడేమోనని తనకు భయంగా ఉందని చెప్పేస్తాడు. ఆ బల్ల దగ్గర తప్పు ఎవరిదీ కాదు. కుర్రాడికి అదే జీవితం, ఇంట్లోవాళ్లకు కుర్రాడే జీవితం. ఈ సన్నివేశాన్ని ఒంటరిగా, తీరిగ్గా చూడండి. మీ ఇంట్లో ఎవరు ఎవరి మాట అంటున్నారో మీకే తెలుస్తుంది.

కెవిన్ చివరికి పోటీల్లోకి వెళ్లలేదు. దాదాపు రెండేళ్ల తర్వాత మెల్లగా, సరదాకి మాత్రం బోర్డు ఎక్కాడు. తర్వాత అన్న ఆడమ్‌తో కలిసి మెదడు గాయాలైనవాళ్ల కోసం 'లవ్ యువర్ బ్రెయిన్' అనే సంస్థ పెట్టాడు. కోలుకోవడం అంటే పాత చోటికే తిరిగి వెళ్లడం అని మనం అనుకుంటాం, మీ తమ్ముడూ అదే అనుకుంటున్నాడు. ఫుట్‌బాల్ ఆడగలిగితేనే బాగైనట్టు, లేకపోతే లేనట్టు. నేను చూసినవాటిలో ఆ లెక్కను ఇంత సూటిగా ప్రశ్నించిన సినిమా ఇంకోటి లేదు. అయినా దీన్ని ఇప్పుడే అతనికి చూపించకండి. 'నువ్వింక ఆడలేవు' అని అక్క సినిమా పెట్టి మరీ చెప్పిందనుకునే ప్రమాదం ఉంది. అతను ఆడలేడని ఎవరూ తేల్చనూ లేదు. ఇది మీకోసం.

అతనితో కలిసి చూడటానికి 'ద డాన్ వాల్' మంచిది. కాలిఫోర్నియాలోని యోసెమిటీలో ఎల్ కపిటాన్ అనే గ్రానైట్ కొండ ఉంది, దాదాపు 900 మీటర్ల నిటారు గోడ. అందులో అప్పటిదాకా ఎవరూ చేతులతో, కాళ్లతో పైదాకా ఎక్కలేకపోయిన భాగం డాన్ వాల్. తాడు ఉంటుంది, కానీ పడితే ఆపడానికే, పైకి లాక్కోవడానికి కాదు. టామీ కాల్డ్‌వెల్, కెవిన్ జార్జ్‌సన్ 2014 డిసెంబర్ చివర్లో మొదలుపెట్టి, 19 రోజులు ఆ గోడ మీదే ఉండి, 2015 జనవరి 14న పైకి చేరారు. కాల్డ్‌వెల్‌కు ఎడమ చూపుడు వేలు సగమే ఉంది. 2001లో ఇంట్లో చెక్కపని చేస్తుంటే రంపం మిషన్‌లో తెగింది. డాక్టర్లు అతికించారు గానీ, అతికిన వేలు కొండ ఎక్కడానికి పనికిరాదని అతనే తీసేయించుకున్నాడు.

అయితే మీ తమ్ముడు చూడాల్సింది వేలు తెగినవాడిని కాదు, రెండోవాడిని. గోడను తాడు పొడవుల లెక్కన భాగాలుగా విడగొడతారు. పదిహేనో భాగంలో జార్జ్‌సన్ ఇరుక్కుపోయాడు. అక్కడ పైకి కాదు, పక్కకు పాకాలి. పట్టు దొరికేవి వేలికొసలు మాత్రమే ఆనే, చర్మాన్ని కోసేసే సన్నటి అంచులు. ఎండకు రాయి వేడెక్కితే చెయ్యి జారుతుంది కాబట్టి చలిలో, రాత్రిపూట, తలకు లైటు కట్టుకుని ఎక్కుతారు. ఎక్కాడు, పడ్డాడు. మళ్లీ ఎక్కాడు, మళ్లీ పడ్డాడు. రోజులు గడుస్తున్నాయి. వేలికొసలు చీలిపోతే టేపు చుట్టాడు. ఇక అదీ కుదరనప్పుడు ఏం చేశాడు? పడుకున్నాడు. గోడకు వేలాడుతున్న గుడారంలో, కొత్త చర్మం వచ్చేదాకా, రెండు రోజులు ఏమీ చేయకుండా పడుకున్నాడు. ఆ సమయానికి ప్రపంచమంతా లైవ్‌లో చూస్తోంది. చర్మం మాత్రం ఎవరు చూస్తున్నారన్నది పట్టించుకోదు కదా. ఖాళీగా ఉండటం కూడా ఆ ఎక్కడంలో భాగమేనని నమ్మడానికి ఎంత గుండె నిబ్బరం కావాలో, ఏడు నెలలుగా కోలుకుంటున్నవాడికి మీకంటే, నాకంటే బాగా తెలుస్తుంది.

ఇక కాల్డ్‌వెల్. అతనిది ఆ కష్టమైన భాగం అయిపోయింది. ఏళ్ల తరబడి కన్న కల, ఒక్కడే వెళ్లిపోతే ఎవరూ తప్పుపట్టరు. వెళ్లలేదు. వెనక్కి తిరిగి, జార్జ్‌సన్ తాడు పట్టుకుని కూర్చున్నాడు. తాడు పట్టుకునేవాడి పని గమనించండి: పైవాడి బదులు ఎక్కడు, తాడు మరీ బిగించి లాగడు, మరీ వదిలేయడు. మీకు నేను చెప్పాలనుకున్నది చాలావరకు ఆ సన్నివేశంలో ఉంది.

అలలే కావాలంటే మాయా గబేరా కథ చూడండి, 'మాయా అండ్ ద వేవ్'. స్టెఫనీ జాన్స్ తీసింది, 2022లో మొదటిసారి ప్రదర్శించారు. పోర్చుగల్‌లోని నజారే తీరానికి ఎదురుగా సముద్రగర్భంలో ఒక మహాలోయ ఉంది, లోతు కిలోమీటర్లలో ఉంటుంది. అట్లాంటిక్‌లో పుట్టిన తుపాను అలలు ఆ లోయ వెంట బలం తగ్గకుండా తీరం దాకా వచ్చి, ఒక్కసారిగా పైకి లేస్తాయి. 2013 అక్టోబర్‌లో బ్రెజిల్ అమ్మాయి మాయా అక్కడ అలలో పడిపోయింది. తోటి సర్ఫర్ కార్లోస్ బర్లే ఆమెను ఒడ్డుకు చేర్చేసరికి స్పృహ లేదు. ఇసుకలో పడుకోబెట్టి ఛాతీ నొక్కి ఊపిరి తెప్పించారు. కాలి ఎముక విరిగింది. తర్వాత వెన్నుకు ఒకటి కాదు, వరుసగా ఆపరేషన్లు. దానికి తోడు, ఆమెకు అక్కడ ఉండేంత నైపుణ్యమే లేదని సర్ఫింగ్‌లో పేరు మోసిన లెయిర్డ్ హామిల్టన్ టీవీలో అన్నాడు. 2018 జనవరిలో అదే నజారేలో 68 అడుగుల అల మీద నిలబడి మహిళల్లో ప్రపంచ రికార్డు పెట్టింది. ఆ రికార్డును గుర్తించమని కూడా జనం చేత ఆన్‌లైన్‌లో సంతకాలు పెట్టించాల్సి వచ్చింది. రెండేళ్లకు 73.5 అడుగులతో తన రికార్డు తనే దాటింది.

2013 నుంచి 2018 వరకు, నాలుగేళ్లు దాటిపోయాయి. ఈ లెక్క మీ తమ్ముడికి 26 రోజుల లెక్కకంటే మేలు చేస్తుంది. చివర్లో రికార్డు ఉంది కాబట్టి ఇదీ గెలుపు కథేగా అని అతను అన్నా అనొచ్చు. అంటే అననివ్వండి, వాదించకండి. ఆ మాట అన్నాడంటే సినిమా చివరిదాకా చూశాడన్నమాట.

వద్దనేవి కూడా చెప్పాలి. '14 పీక్స్' ఇప్పుడు వద్దు. నిర్మల్ పుర్జా 2019లో ఎనిమిది వేల మీటర్లు దాటిన 14 శిఖరాలనూ ఆరు నెలల చిల్లరలో ఎక్కేశాడు. మహా మనిషే, కానీ సినిమా పేరు వెనకాలే 'అసాధ్యమేదీ లేదు' అని తగిలించారు. చేతికర్ర పట్టుకున్నవాడికి ఆ మాట చూస్తే ఒళ్లు మండుతుంది. 'మేరు' బాగా తీసిన సినిమా, ఫొటోగ్రఫీ చూసి తీరాల్సిందే. గఢ్‌వాల్ హిమాలయాల్లోని మేరు శిఖరం మీద 2008లో ముగ్గురు, వారం రోజుల తిండితో ఇరవై రోజులు గోడ మీద గడిపి, కొసకు వంద మీటర్ల దూరంలో వెనుదిరిగారు. అదంతా ఆణిముత్యం. కానీ 2011లో మళ్లీ వెళ్లినప్పుడు ఆ ముగ్గురిలో ఒకడైన రెనాన్ ఓజ్‌టర్క్ పుర్రె, మెడ ఎముకలు విరిగిన గాయాల నుంచి లేచి నెలలే అయింది. కొండ మీద కాసేపు మాట కూడా పడిపోయింది. క్షేమంగా దిగొచ్చాడు కాబట్టి దాన్ని సాహసమన్నారు. దిగిరాకపోతే ఏమనేవారో ఊహించుకోండి. డాక్టరు మాట పక్కనపెట్టి గెలిచినవాడి కథ, ఫిజియోథెరపీ ఎగ్గొడుతున్న కుర్రాడికి చూపించే కథ కాదు.

'ఆండీ ఐరన్స్: కిస్డ్ బై గాడ్' కూడా ప్రస్తుతానికి పక్కన పెట్టండి. మూడుసార్లు ప్రపంచ సర్ఫింగ్ చాంపియన్. బైపోలార్ అనే మానసిక సమస్యను దాచుకుని, నొప్పి మాత్రలకు, మత్తుమందులకు అలవాటుపడి 2010లో 32 ఏళ్లకే పోయాడు. నిజాయితీగా తీశారు, మీరు చూడొచ్చు. 'రీసర్ఫేస్' అనే చిన్న సినిమా ఉంది, అరగంట కూడా ఉండదు, యుద్ధంలో దెబ్బతిన్న మాజీ సైనికులు సర్ఫింగ్‌తో ఊరట పొందడం గురించి. చాలా మంచిది, కాకపోతే ఆత్మహత్య ప్రస్తావన నేరుగానే వస్తుంది. మనసు బాగాలేని మనిషికి చెప్పాపెట్టకుండా పెట్టకూడదు.

అన్నట్టు, పగలంతా నిద్ర, రాత్రంతా మెలకువ, వ్యాయామం మీద విముఖత – ఇవి మూడూ కలిసి కనిపిస్తున్నాయంటే బద్ధకమని తీసిపారేయొద్దు. పెద్ద గాయం తర్వాత డిప్రెషన్ రావడం సాధారణమే. ఫిజియోథెరపిస్టుకూ, డాక్టరుకూ విషయం చెప్పండి, అవసరమైతే సైకాలజిస్టును గానీ సైకియాట్రిస్టును గానీ కలవండి. బతకడం దండగ లాంటి మాట ఒక్కసారి నోట వచ్చినా ఆ రోజే తీసుకెళ్లండి, ఒంటరిగా వదలకండి. ఏ డాక్యుమెంటరీ ఆ పని చేయలేదు.

చూపించే పద్ధతి గురించి రెండు మాటలు. సినిమా నడుస్తుంటే అతని మొహం వైపు చూడకండి. మనవాళ్లు కన్నీళ్లు వచ్చాయా లేదా అని పక్కకి తిరిగి మరీ చూస్తారు, అంతకన్నా నరకం లేదు. అయిపోయాక 'చూశావా' అనకండి. అసలు 'నీకోసం పెట్టాను' అనే మాటే వద్దు. మీకు కొండలెక్కేవాళ్ల సినిమా చూడాలనిపించి చూస్తున్నారు, అతను హాల్లో ఉంటే ఉన్నాడు, లేకపోతే లేడు. మధ్యలో లేచిపోతే ఆపకండి. మొన్నటి గొడవకు మాత్రం ఒక్క వాక్యంలో సారీ చెప్పేయండి: "ఆమెతో నిన్ను పోల్చాలని కాదురా, నాకు ఏం చేయాలో తోచక పెట్టాను" అనండి. అది నిజమే కదా.

ఇక మీ అమ్మగారి మాట. సగం నిజం. ఈ ఆటల్లో పోయినవాళ్లున్నారు. 'ద ఆల్పినిస్ట్' చూస్తే మార్క్-ఆండ్రే లెక్లెర్క్ అనే కుర్రాడు మంచుకొండల మీద ఒంటరిగా ఎక్కుతుంటే మనకు ఊపిరాడదు, 2018లో అలాస్కా కొండల్లో పోయాడు. కానీ మిగతా సగం, వీళ్లు చావుకు తెగించినవాళ్లన్నది, అంత సరికాదు. అలెక్స్ హోనాల్డ్ 2017 జూన్ 3న తాడు లేకుండా ఎల్ కపిటాన్ ఎక్కాడని అందరికీ తెలుసు. దానికి ముందు తాడు కట్టుకుని అదే దారిలో ఏ వేలు ఎక్కడ పెట్టాలో నోట్‌బుక్‌లో రాసుకుంటూ ప్రాక్టీస్ చేశాడు. 2016లో ఒకసారి ఎక్కడం మొదలుపెట్టి, మనసు ఒప్పుకోక దిగిపోయాడు కూడా. కెమెరాలన్నీ తనవైపు తిరిగి ఉండగా దిగిపోవడం మామూలు విషయం కాదు.

అమ్మగారికి కూడా ఏదైనా పెట్టాలనుకుంటే 'హండ్రెడ్ ఫుట్ వేవ్' సిరీస్ మొదటి సీజన్ పెట్టండి. 2011లో నజారేలో 78 అడుగుల అల ఎక్కి రికార్డు పెట్టిన గ్యారెట్ మెక్‌నమారా కథ. 2016లో కాలిఫోర్నియాలోని మావరిక్స్‌లో పడి అతని భుజం ఎముక ముక్కలైంది. తర్వాత ఆ మనిషిలో భయం ఎలా చేరిందో, సముద్రం దగ్గర నిలబడి దిగాలా వద్దా అని ఎంత తటపటాయించాడో దాచకుండా చూపించారు. అతను నీళ్లలో ఉంటే భార్య నికోల్ కొండ అంచున రేడియో పట్టుకుని, ఏ అల వస్తోందో, మనిషి ఎక్కడ తేలాడో చెబుతూ ఉంటుంది. జెట్ స్కీల మీద కాపాడే మనుషులు, గాలి నిండే జాకెట్లు, ఇంత ఏర్పాటు ఉంటుందని అమ్మగారు అనుకుని ఉండరు. ఆమెకు నచ్చేది గ్యారెట్ కాదు, నికోల్. ఒక్కో ఎపిసోడ్ గంట అటూ ఇటూగా ఉంటుంది, రోజుకొకటి చొప్పున చూస్తే వారం కూడా పట్టదు. హాల్లోనే పెట్టండి, గది తలుపు తీసి ఉంటే అతనికీ వినపడుతుంది.